మిగిలిన పద్దు

పద్దెనిమిది దినార్లు, మూడు వందల ఫిల్సులు.
నోట్‌బుక్కు ఆఖరి పేజీల
నా దస్తూరితోనే ఉన్నది.
ఎవలికి ఇయ్యాల్నో తెల్వక
బియ్యం డబ్బల దాచిన.

మీనా అబ్దుల్లా క్యాంపుల, నీళ్ల ట్యాంకుల ఎనుక
లింబాద్రి మొదలు పెట్టిండు.
శుక్రవారం తెల్లారకముందే లేచి
కంకర ఏరినం, మొలలు ఏరినం,
సైటుకాడికెళ్లి దొంగతనంగ తెచ్చిన సున్నంతోని
గీతలు గీసినం.
ఆడేటోళ్లు ఏడుగురు, సూసేటోళ్లు నలభైమంది.
రెఫరీ ఖాజామియాకు ఈల లేకుండె,
రెండు వేళ్లు నోట్ల పెట్టుకొని ఊదేటోడు.

గురువారం రాత్రి కత.
ఓదెలుది ఒగ్గోళ్ల ఇల్లు.
డోలు ఊర్లనే ఉండె,
ఈడ పెయింటు డబ్బ బోర్లేసి కొట్టేటోడు.
మేకపిల్ల మెడల గంట బావిల పడితే
దానికోసం దిగిన పిల్ల కత.
దిగిన కొద్దీ బావి లోతయితది,
మెట్టుకొక ముసలామె కూసోని
ఒక్కో లెక్క అడుగుతది.
సరిగ్గ పిల్ల చెయ్యి గంటకు తాకే యాళ్లకు
డబ్బ మీద అరచెయ్యి ఆనిచ్చి
"ఇగ వచ్చేవారం" అనేటోడు.
వారమంత మేము ఆ మెట్టు మీదనే ఉంటుంటిమి,
నలభై ఎనిమిది డిగ్రీల ఎండల
బావి సల్లదనం తాగుకుంట.

ఆరంభశూరులంటరు మనోళ్లను.
కాదన్నా. ఆరంభంల మేము శూరులమే కాము.
అహ్మదీ క్యాంపోళ్ల చేతిల ఓడినం,
నేపాలోళ్ల చేతిల రెండుసార్లు ఓడినం,
ఓడి వచ్చి పచ్చిపులుసు పోసుకొని తిని
నవ్వుకుంట పండుకున్నం.
గెలుసుడు మొదలైనంకనే
ఎవని జబ్బ ఎంత అని లెక్కలు పుట్టినయి.

నాలుగో గెలుపుకు సుబ్బరాయుడు వచ్చిండు.
ఫహాహీల్ల కార్గో దుకాణం,
సిద్దవటం మనిషి, తియ్యటి మాట.
"మీకెందుకప్పా, నేనుండాను గదా."
పసుపు బనీన్లు, ఈపు మీద కార్గో పేరు,
కప్పు, మైకు,
ఓదెలు కత వీడియో తీసి ఊరూరికి పంపుడు.
సంతకం ఎవలు పెడ్తరంటే
అందరు నా దిక్కు సూసిన్రు.
అక్షరాలొచ్చినోన్ని నేనే.

ఆయన చెడ్డోడు కాదు. ఇది గూడ రాసుకోవాలె.
అడిగింది రెండే.
ఆయన అల్లుడు ఒక్క కూతకు పోవాలె.
కతల రాజు పంపే పెట్టె
కార్గోల పోవాలె.
మొదటిసారి కడుపుబ్బ నవ్వినం.
రెండోసారి గూడ నవ్వినం.
మూడోసారి బావిల ముసలామె
లెక్క అడుగుడు మర్సి
కిలోకు ఎంతో రేటు చెప్పింది.
ఓదెలు గొంతు మారలేదు, చెయ్యి మారింది.
డబ్బ మీద దెబ్బ
సెంట్రింగు చెక్కకు మొల కొట్టినట్టు పడ్డది.

అల్లుడు గీత దాటి నాలుగడుగులకే
కూత ఇడిసిండు.
ఔటన్నడు ఖాజామియా.
కాదన్నడు సుబ్బరాయుడు.
లింబాద్రి నన్ను సూసిండు.
నేను నోట్‌బుక్కు సూసిన:
బనీన్లు పదకొండు, బాకీ ఇంత.
"ఇంకో కూత ఇయ్యున్రి" అన్న.

గంతే. ఎవలు కొట్టుకోలే, తిట్టుకోలే.
ఖాజామియా తడి వేళ్లు అంగికి తుడుసుకొని
గది దిక్కు నడిసిండు.

వచ్చే శుక్రవారం ఏడుగురు అయిదుగురైన్రు.
ఒకడు ఓవర్‌టైమన్నడు, ఒకడు మోకాలన్నడు.
ఓదెలుకు రాత్రి డ్యూటి పడ్డది.
అడిగి ఏయించుకున్నడని తర్వాత తెలిసింది.
షువైబా పోయిండు, ఆడికెళ్లి ఇంటికి.
బస్సు ఎక్కేటప్పుడు అడిగిన:
పిల్లకు గంట దొరికిందా?
"నాకు తెలిస్తే కదనే" అన్నడు,
"వారం వారం మీ మొఖాలు సూసి
ఒక్కో మెట్టు దింపుతుంటి."

నిన్న జగిత్యాల దిక్కు పోరడొకడు కొత్తగ దిగిండు.
ట్యాంకుల ఎనుక తెల్లగీతలు సూసి
ఇవేందే కాకా అనడిగిండు.
సగం ఇసుక తిన్నది, సగం ఉన్నది.
బండ్లు ఆపనీకె గీసిన్రు బిడ్డా
అన్న.
నమ్మిండు.
నమ్మి గూడ,
గీత మీద కాలు పడకుంట
దాటి పోయిండు.